పైకి లేపమని అడగలేదు

జులై 1, మంగళవారం

ఈరోజు ఆస్పత్రి టెక్నీషియన్ ట్రైనింగ్ క్లాసులో కాళ్ల నరాలు. పదిహేడు మందికి ఒకటే ప్లాస్టిక్ కాలు. దానికీ మోకాలి కింద బయటి వైపు రంగు ఊడిపోయింది, నరం ఎక్కడ కనపడాలో సరిగ్గా అక్కడే. కొత్తది తెప్పించమంటే "వచ్చే బ్యాచ్‌కి" అంటారట, ప్రతి బ్యాచ్‌కీ.

మధుకర్ సార్ మాత్రం బాగా చెప్పారు. ఎమర్జెన్సీకి పెద్ద ఆయనే, అయినా క్లాసుకి ఒక్క మంగళవారం కూడా ఎగ్గొట్టరు. నడుములోంచి బయల్దేరిన సయాటిక్ నరం తొడ వెనక చిటికెనవేలంత లావున దిగి, మోకాలి దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి టిబియల్. పిక్క లోపలినుంచి అరికాలికి పోయి వేళ్లను కిందికి ముడుస్తుంది. రెండోది పెరోనియల్. మోకాలి బయటి పక్కకు తిరిగి, అక్కడున్న సన్న ఎముక మెడ చుట్టూ వచ్చి, పాదాన్నీ వేళ్లనూ పైకి లేపుతుంది. సార్ ప్యాంటు మోకాలి దాకా మడిచి అక్కడ ఎముక గుబ్బలా తేలిన చోట వేలు పెట్టారు.

"ఇక్కడ కండ లేదు, కొవ్వు లేదు. చర్మం, నరం, ఎముక. ఒంట్లో ఇంత కాపలా లేని నరం ఇంకోటి లేదు. పట్టీ బిగించి కట్టారా, పోయింది. పాదం వేలాడుతుంది."

తర్వాత చెప్పింది రాసుకుని కింద రెండు గీతలు గీశాను. "వేళ్లు కదుపు అంటే ప్రతి పేషెంటూ కిందికే ముడుస్తాడు. అది టిబియల్. అది చూసి బాగుందని రాస్తే మీరు సగం కాలే చూసినట్టు. బొటనవేలు పైకి లేపమని అడగాలి."

బయటికొస్తే రవీందరన్న, మా సీనియర్ టెక్నీషియన్, గోడకానుకుని టీ తాగుతున్నాడు. "ఏంది ఉదయమ్మా, నరాలన్ని లెక్కవెట్టినవా? ఇగ కిందికి రా, నడుములిరిగేదాక పనుంది."

ఒళ్లు మండింది. పన్నెండేళ్ల నుంచి ఈ పని చేస్తున్నాడు. ఒక్క నరం పేరు చెప్పమంటే నవ్వుతాడు.

ఇంటికొచ్చి పెన్నుతో నా కాలి మీదే గీసుకున్నాను, మోకాలి నుంచి బొటనవేలు దాకా. అమ్మ చూసింది.

"ఏంటే ఆ గీతలు?"

"నరం."

"గచ్చిబౌలిలో ఏసీలో కూర్చుని చేసే ఉద్యోగం వదిలేసి కాలి మీద గీతలు గీసుకుంటోంది నా కూతురు. ఎవరికైనా చెప్పుకుంటే నవ్విపోతారు."

పదకొండు నెలలు చేశాను ఆ కాల్ సెంటర్ ఉద్యోగం. హెడ్‌సెట్ పెట్టుకుని, ఎవరి గొంతుకో సారీ చెప్తూ. నా తప్పు కానివాటికి రోజుకు తొంభై సార్లు సారీ. ఇంకెప్పుడూ చెప్పను.

జులై 3, గురువారం

బాచుపల్లి నుంచి కొండాపూర్ దాకా బస్సులో నిలబడే వచ్చాను. వెనకాల వాడి మోచేయి. కాలు తొక్కాను. మడమతో.

జులై 5, శనివారం

పిండికట్టు వేసిన ప్రతి కేసుకీ ఒక షీటు ఉంటుంది. గంటగంటకీ నాలుగు గళ్లు: వేళ్ల రంగు, నాడి, కదలిక, స్పర్శ. చూడాలి, టిక్కు పెట్టాలి. మా దగ్గర ఎలా చేస్తారంటే, మొదటి గంటలోనే, రాత్రి ఎనిమిదికి నైట్ వాళ్లు వచ్చేదాకా గళ్లన్నిటికీ టిక్కులు కొట్టేస్తారు. చేరిన కొత్తలో నేను అడిగాను.

"చూడకుండా ఎలా అన్నా?"

"ఎవడు చూడడన్నడు? చూస్తం. తేడా ఉంటె కొట్టేసి రాస్తం. ఏమన్న అయితె పేషెంటే మొత్తుకుంటడు గద."

"మొత్తుకోకపోతే?"

"మొత్తుకోనోనికి బాగున్నట్టే." అని నవ్వి, "నువ్వు ఇంకా కొత్త. ఒకదినాన ఎనిమిది కేసులు ఒక్కసారె వస్తయి, అప్పుడు జూస్త నీ తమాషా."

ఈరోజు ఎనిమిది కాదు, పదకొండు వచ్చాయి. నేనూ కొట్టాను. చేయి తిరిగింది. నా టిక్కులు అన్నీ ఒకే వాలుతో, ఒకే పొడవుతో చూడ్డానికి అందంగా ఉంటాయి. అది కూడా చిరాకే.

జులై 7, సోమవారం

వాన. పదిన్నర నుంచి జారిపడ్డవాళ్లే. వాళ్లలో ఓదెలు ఒకడు. నలభై ఒకటి. బైక్ ట్యాక్సీ నడుపుతాడు. పెద్దపల్లి దిక్కు మనిషి. కొత్తగూడ మలుపు దగ్గర బండి జారి ఎడమ చీలమండ ఎముక విరిగింది. వెనక కూర్చున్న అమ్మాయికి ఏమీ కాలేదు. లేచి ఇంకో బండి బుక్ చేసుకుని ఆఫీసుకెళ్లిపోయిందట. అతను ఆ అమ్మాయి గురించే నాలుగుసార్లు అడిగాడు. "మంచిగనే ఉన్నదా మేడమ్ ఆ పాప?"

ఎక్స్‌రే చూసి ఎముకల జూనియర్ డాక్టర్ లోహిత్ పిండికట్టు పట్టీ వేయమని చెప్పి వెళ్లాడు. పాదం నుంచి మోకాలి కింది దాకా. నేను కాలు పట్టుకున్నాను, రవీందరన్న వేశాడు. పక్క మంచం మీద ఒకామె అరుస్తోంది. అవతల ఇంకో ఇద్దరు. రవీందరన్న హడావుడిగా చుట్టాడు, మోకాలి దాకా లాగి చుట్టాడు. దూది సరిగా వేయలేదు. నేను చూశాను కూడా.

ఓదెలు ఒక్కటే అడిగాడు. "ఎడమ కాలు మేడమ్. గేరు కాలు. మల్ల నడుపుత గద?"

"ఆరు వారాలు" అన్నాను.

వేళ్లు కదపమన్నాను. కదిపాడు. షీటు నింపాను. పైన వార్డుకి పంపాం.

ఐదింటికి ట్రైనీల డ్యూటీ అయిపోయి, పైనుంచి బ్యాగు తీసుకుని వెళ్తుంటే వార్డు లోపలినుంచి పిలిచాడు. చెయ్యి ఊపాను. బస్సుకి టైమైంది.

జులై 8, మంగళవారం, మధ్యాహ్నం

క్యాంటీన్‌లో రాస్తున్నాను. కోపంతోనే.

పొద్దున తొమ్మిదిన్నరకి లిఫ్టు దగ్గర ఓదెలు భార్య నా చెయ్యి పట్టుకుంది. సాయమ్మ. ఏదో లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. "బిడ్డా, జర వచ్చి చూడు. పాదం మీద ముట్టుకుంటె తెల్వుతలేదంటున్నడు. ఎవరికి చెప్పినా వాపు, వాపు అంటున్నరు."

వెళ్లాను. పట్టీలోంచి వేళ్లు బయటికున్నాయి. గులాబీ రంగు, వెచ్చగా, ఏ తేడా లేదు. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య సందులో గోరుతో గీశాను.

"తెలుస్తోందా?"

"పెట్టిండ్రా మేడమ్?"

పెట్టి ఉంది నా గోరు. గట్టిగానే పెట్టి ఉంది.

"బొటనవేలు పైకి లేపండి."

అతను కళ్లు మూసుకుని, పెదవి కరుచుకుని, మెడ నరాలు ఉబ్బేలా ప్రయత్నించాడు. వేలు కదల్లేదు. తర్వాత నన్ను సంతోషపెట్టడానికన్నట్టు అన్ని వేళ్లూ కిందికి ముడిచి చూపించాడు. "గిట్లయితె వస్తుంది."

"నొప్పి ఉందా?"

"లేదు మేడమ్. మంచిగనె ఉంది. మొద్దువారింది అంతె."

అతని మీద కూడా కోపమొచ్చింది. అరవొచ్చు కదా. రాత్రంతా మంచం విరగ్గొట్టేలా అరిచి ఉంటే ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. మంచిగనె ఉందట.

లోహిత్ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. పట్టీ పై అంచు నరాన్ని నొక్కుతోందేమో, విప్పి చూద్దామన్నాను. అతను ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే షీటు తెప్పించుకున్నాడు.

"నిన్న పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా ప్రతి గంటా కదలిక ఉంది, స్పర్శ ఉంది. సంతకం ఎవరిది, నీదే కదా?"

"అవును సార్."

"నువ్వే చూశావు కదా?"

నేను పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాను.

"ఆ తర్వాత నైట్ సిస్టర్ కూడా నార్మల్ అనే పెట్టారు. ఇది వాపు వల్ల తిమ్మిరి. ఇప్పుడు విప్పితే ఎముక కదులుతుంది, అప్పుడు ఆపరేషన్. ఏ కారణం రాసి విప్పమంటావు చెప్పు? షీటు చూస్తే కారణం లేదు."

నైట్ సిస్టర్ టిక్కులు చూశాను. నా టిక్కుల వాలే. నా వరస చూసుకుంటూ కొట్టుకుంటూ పోయింది.

ఇదంతా రవీందరన్న వల్ల. ముందే కొట్టేయమని నేర్పింది ఎవరు? అంత పైకి లాగి చుట్టింది ఎవరు? దూది లేకుండా చుట్టింది ఎవరు? నేను వేళ్లు కదపమన్నాను. కదిపాడు. నేను చూశాను.

చూశాను.

జులై 8, సాయంత్రం

నాలుగింటికి డ్యూటీ రూమ్‌లో రవీందరన్నని నిలదీశాను. అంత గట్టిగా ఎలా కట్టావన్నా, నీ కంటికి ఆ గుబ్బ కనిపించదా అని. అరిచాను. అవతల గదిలో వాళ్లు తలుపు దగ్గరికి వచ్చారు.

అతను అరవలేదు. గ్లాసు కింద పెట్టి అన్నాడు. "ఉదయమ్మా, పన్నెండేండ్ల సంది పట్టీలు వేస్తున్న. ఆ నరం పేరు నాకు తెల్వది. కాని ఆడ దూది మందంగ పెట్టాలని తెల్సు. నీకు చెప్పిన. 'ఉదయమ్మా, మోకాలు పక్కన ఇంకో రెండు పొరలు పెట్టు' అన్న. నువ్వు ఊఁ అన్నవ్. నేను కింద పాదం కాడ వంగి చుట్టుకుంట పైకి వచ్చిన. పెట్టినవనుకున్న."

"నాకు వినపడలేదు."

"ఊఁ అన్నవ్ గద."

"పక్కన ఆమె అరుస్తుంటే ఎలా వినపడుతుంది? నువ్వు చూసుకోవద్దా?"

"చూసుకోవాల్సింది. అది నా తప్పే, కాదంటలేను. షీటు మీద ఎవల సంతకం?"

వచ్చేశాను. బస్సులో కిటికీ సీటు దొరికింది. దొరికినందుకు కూడా కోపమొచ్చింది.

వినపడింది. రెండు పొరలు అన్నాడు. దూది కట్ట నా చేతికి అందేంత దూరంలో ఉంది. పక్క మంచం మీద ఆమె అరుస్తోందని అటు తిరిగాను.

అయినా ఇప్పుడు ముఖ్యం అది కాదు. పట్టీ విప్పించాలి. విప్పించాలంటే కారణం కావాలి. కారణం ఒక్కటే. ఆ షీటు అబద్ధమని నేను చెప్పాలి. ఆగస్టు చివర్లో సర్టిఫికెట్. తొమ్మిది నెలలు చేశాను. అమ్మకి ఏం చెప్పను? మళ్లీ ఆ హెడ్‌సెట్ పెట్టుకోనా?

రేపు లోహిత్ డాక్టర్ తనంతట తానే చూస్తాడేమో. చూడొచ్చు. వాపు తగ్గితే అదే బాగవుతుందేమో. అది కూడా ఉంటుంది.

పుస్తకంలో ఉంది: ఎంత త్వరగా వదులు చేస్తే అంత మంచిది. ఎన్ని గంటలని రాయలేదు. రాసి ఉంటే లెక్క పెట్టేదాన్ని.

అమ్మ అన్నానికి పిలిచింది. ఆకలి లేదన్నాను. "అలిగావా?" అంది. ఎవరి మీద అలగాలో అమ్మే చెప్పొచ్చు కదా.

జులై 9, బుధవారం

చెప్పాను. తొమ్మిదింటికి. లోహిత్ డాక్టర్‌కి కాదు, నేరుగా మధుకర్ సార్‌కే.

"సార్, పదమూడో మంచం ఓదెలు షీటు నేను నింపాను. గంటగంటకీ చూసి నింపలేదు. సోమవారం పన్నెండింటికే ఎనిమిది దాకా కొట్టేశాను. మొదటిసారి మాత్రం వేళ్లు కదపమన్నాను, కిందికి ముడిచాడు. పైకి లేపమని అడగలేదు."

సార్ కుర్చీలోంచి లేచిన శబ్దం నాకు గుర్తుంది. మెట్ల మీదుగా వెళ్లారు, లిఫ్టు కోసం ఆగకుండా. వెనకే నేను, కట్టర్ పట్టుకుని రవీందరన్న. అతన్ని ఎవరూ పిలవలేదు. తనే వచ్చాడు.

పట్టీ విప్పారు. మోకాలి కింద బయటి పక్క, ఆ గుబ్బ మీద, రూపాయి బిళ్లంత ఎర్రటి గుంట. రవీందరన్న దాన్ని బొటనవేలితో తడిమి తల పక్కకి తిప్పుకున్నాడు. సార్ పిక్క కింద చెయ్యి పెట్టి కాలు పైకెత్తారు. పాదం కిందికి వేలాడింది. తాడుకి కట్టిన చెప్పులాగా.

"పైకి లేపు ఓదెలూ."

"లేపుతున్న సారు." అతను నిజంగా లేపుతున్నాననే అనుకుంటున్నాడు. ఆ మొహం చూసి ఊహించగలను. తర్వాత తల వంచి తన పాదాన్ని తనే చూసుకున్నాడు.

సార్ నా వైపు తిరిగారు. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇవాళ పొద్దున సార్."

ఎలా వచ్చింది ఆ మాట? నేను అనుకోలేదు. అంత తేలిగ్గా, ఒక టిక్కు పెట్టినట్టు వచ్చింది.

గోడ దగ్గర నిలబడ్డ సాయమ్మ అంది, "నిన్న లిఫ్టు కాడ చెప్పిన గద బిడ్డా. నువ్వు వచ్చి గోరు పెట్టి చూస్తివి."

సార్ కేసు షీటు అందుకున్నారు.

"నిన్న ఎన్నింటికి?" సార్ గొంతు పెరగలేదు.

"తొమ్మిదిన్నరకి."

"అంటే ఇరవై మూడున్నర గంటలు నీకు తెలిసి ఆగావు. నేను అడిగింది నిన్ను తిట్టడానికి కాదు. నరం ఎంతసేపు నొక్కుకుందో, అందులో ఎంతసేపు నొక్కుకోనిచ్చామో రాయాలి. అది నువ్వు కాక ఎవరు చెప్తారు?" అని కేసు షీటులో నా ముందే రాశారు.

ఓదెలు అప్పుడు మాట్లాడాడు. రెండు రోజుల్లో మొదటిసారి గట్టిగా.

"సోమారం నాడే పిలిస్తి నిన్ను. ఐదు గొట్టంగ. పాదం మీద చీమలు వాకుతున్నయని చెప్దామని పిలిస్తి. చెయ్యి ఊపి పోతివి. నేను గూడ ఊపిన. నీకు టాటా చెప్పిన్నా నేను? నా కాలుకు చెప్పిన." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "మీరు గీతలు గీసుకుంట కూసున్నరు, ఈడ నా కాలు సచ్చింది. పో. నాకు కనవడకు."

సారీ అన్నాను. ఒక్కసారే.

అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

జులై 10, గురువారం

మధుకర్ సార్ గదిలో గంటసేపు. ఆగస్టులో సర్టిఫికెట్ లేదు. ఇంకో నాలుగు నెలలు, మొదటి నుంచి, ఆయన కళ్ల ముందు. రవీందరన్నకి మెమో. లోహిత్ డాక్టర్‌కి ఏమీ లేదు. ఫోన్‌లోంచి తల ఎత్తనందుకు మెమో ఉండదు కాబోలు.

షీట్లన్నీ ముందే నింపుతారని కూడా చెప్పేశాను. అందరివీ. సార్ అడగలేదు, నేనే చెప్పాను. మధ్యాహ్నం నుంచి నాతో ఎవరూ టీకి రాలేదు.

రవీందరన్న ఒక్కడే వచ్చి పక్కన కూర్చున్నాడు. "అందరిని ముంచినవ్ గద ఉదయమ్మా."

"అబద్ధం చెప్పానా?"

"అబద్ధం అన్ననా? మొన్ననే చెప్పుంటె నీతో నేనొస్తుంటి. ఇద్దరం పోయి సార్ ముంగట నిలబడుతుంటిమి. ఆ ఒక్క దినం మిగులుతుండె." టీ పూర్తిగా తాగకుండానే లేచాడు. "నువ్వు నా మీదికి లేసినవ్. లేసినా ఫికర్ లేదు. కాని ఆ లేసేది నా మీదికి కాకుండ డాక్టర్ మీదికి లేస్తె అయిపోతుండె."

అది నిజమే. అందుకే అతని మీద ఇంకా కోపంగా ఉంది.

జులై 14, సోమవారం

కొత్త సర్క్యులర్. టిక్కుతో పాటు చూసిన సమయం కూడా రాయాలి.

ఇవాళ కిందికి వెళ్లి చూస్తే పన్నెండింటికే రాత్రి దాకా సమయాలు కూడా రాసి ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు. ఒకరు తెలివిగా ఒంటిగంట నాలుగు నిమిషాలు, రెండింటి ఏడు నిమిషాలు అని రాశారు.

ఆ షీటు తీసుకెళ్లి మధుకర్ సార్ బల్ల మీద పెట్టాను. పేరు చెప్పలేదు. చేతిరాత చెప్తుంది.

జులై 23, బుధవారం

ఓదెలు చెకప్‌కి వచ్చాడు. కొత్త పట్టీ, పొట్టిది, మోకాలికి చాలా కిందే ఆగుతుంది. పాదం వేలాడకుండా ఉండేలా కట్టారు. ఫిజియోథెరపీ గదిలో సార్ నన్నే చూడమన్నారు. శిక్ష అందులోనే ఉంది కాబోలు.

నేను తలుపులో కనపడగానే అతను భార్యతో అన్నాడు. "ఈమెనె ఉన్నదా? ఇంకెవరు లేరా దవాఖానల?"

"సార్ నన్నే చూడమన్నారు."

"చూస్తవ్ మంచిగనె. చూసి రాస్తవ్, మంచిగనె ఉందని."

బొటనవేలు పైకి లేపమన్నాను. లేవలేదు. వేలి సందులో దూదితో తాకాను. తెలియలేదన్నాడు. షీటు తీశాను. అతను చెయ్యి చాచాడు.

"గా కాయితం ఇటియ్యి."

"ఇది మేము రాయాలి..."

"నా కాలు. నేను రాస్త. ఏడో తరగతి చదివిన, రాయొస్తది."

ఇవ్వకూడదు. ఇచ్చాను. తొడ మీద పెట్టుకుని, పెన్ను గట్టిగా నొక్కి, కదలిక అనే గడి దాటి పక్క గడిలోకి వచ్చేంత పెద్ద అక్షరాలతో రాశాడు.

లేవలే.

కింద సంతకం. ఆ పక్కన టైము, గోడ గడియారం చూసి.

సాయమ్మ అంది, "ఇంట్ల గూడ రాస్తున్నడు. క్యాలెండర్ మీద. పొద్దుగాల్ల ఒకసారి, పొద్దుమీకి ఒకసారి."

మధుకర్ సార్‌కి చూపించాను, తిడతారని. సార్ చదివి, తన సంతకం కూడా దాని కిందే పెట్టారు.

జులై 30, బుధవారం

లేవలే.

బస్టాప్ దాకా కర్రలతో నడుస్తూ వెళ్లాడు. ఎడమ కాలి పట్టీకి తొడిగిన చెప్పు రెండుసార్లు జారింది. రెండోసారి నేను ఎత్తబోతే కర్రతో అడ్డం పెట్టాడు. వంగలేక, భార్య ఎక్కడుందా అని వెనక్కి చూసుకుంటూ నిలబడ్డాడు. ఆమె మందుల దగ్గర లైన్లో ఉంది. నేను చెప్పుకి రెండడుగుల దూరంలో నిలబడ్డాను, ఆమె వచ్చేదాకా. ఎంతసేపో చూడలేదు. ఎండ బాగా ఉంది.

ఆగస్టు 2, శనివారం

అమ్మకి ఇవాళ చెప్పాను, మొత్తం. గుడ్డు పొరటు మాడిపోయింది.

"వాళ్లు కేసు పెడితే?"

"పెట్టొచ్చు."

"పెడితే ఏం చేస్తావే?"

"చెప్తాను. ఎన్నింటికి ఏమైందో."

అమ్మ స్టవ్ కట్టేసింది. తర్వాత, "ఆ మనిషికి కాలు వస్తుందా?" అంది. ఇంతవరకూ ఈ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను కూడా, ఎక్కువగా, నాకేమవుతుందనే అడుగుతున్నాను.

తెలియదన్నాను. నెలలు పట్టొచ్చు. రాకపోవచ్చు.

ఆగస్టు 6, బుధవారం

లేవలే. ఈసారి ఇంకా గట్టిగా రాశాడు. కాగితం చిరిగింది.

సార్ ఒక పరీక్ష చేయించారు, నరంలోకి కరెంటు పంపి. నరం తెగలేదట, నొక్కుకుని దెబ్బతిందంతేనట. వచ్చే అవకాశం ఉందట. ఓదెలు అడిగాడు, "అవకాశం అంటె ఏంది సారు? లేస్తదా, లేవదా?" సార్ షీటు తీసుకుని, ఆ చిరుగు కింద సంతకం పెట్టారు.

ఆగస్టు 11, సోమవారం

ఇవాళ కింద కొత్త ట్రైనీ ఒకమ్మాయి టిక్కులు ముందే కొట్టేస్తోంది. పెన్ను లాక్కున్నాను. "నువ్వెవరు నాకు చెప్పడానికి, నువ్వు చేసింది అందరికీ తెలుసు" అంది. నిజమే. అందుకే చెప్తున్నాను అన్నాను. ఇంకా చాలా అన్నాను. గొంతు పోయింది. రవీందరన్న వచ్చి ఇద్దరినీ విడదీశాడు. తర్వాత ఆ అమ్మాయిని తీసుకెళ్లి, పేషెంటు మోకాలి పక్కన ఎక్కడ దూది పెట్టాలో, ఆమె వేలు పట్టుకుని చూపించాడు. నరం పేరు మాత్రం ఇంకా తెలియదు అతనికి.

ఆగస్టు 20, బుధవారం

పట్టీ తీసేశారు. కాలు సన్నబడిపోయింది, పిక్క ఒకవైపు వేలాడుతోంది. నేను మామూలుగా చెప్పాల్సింది చెప్పాను. బొటనవేలు పైకి లేపండి.

అతను ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నాడు.

పాదం మీద సన్నటి తాడులాంటిది ఒకటి చర్మం కింద బిగిసింది. వేలు లేచింది. లేచిందంటే ఎంత? గోటి మందమంత. లేచి పడిపోయింది.

"మళ్లీ" అన్నాను.

మళ్లీ లేచింది.

సాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "లేసింది! నేను చూసిన. లేసింది. రాయి, లేసిందని రాయి!"

ఓదెలు కళ్లు తెరిచి తన వేలి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నేను షీటు, పెన్ను అతని ముందు పెట్టాను. కదలిక గడి ఖాళీగా ఉంది.

పెన్ను తీసుకుని, మూత పెట్టి, నాకు తిరిగిచ్చాడు.

"ఇయ్యాల రాయ. రేపు గూడ లేస్తె, రేపు రాస్త."